ఇంకా ఎనిమిది గంటలు

మార్చి పన్నెండు రాత్రి అతను ఒక ఉడికించిన గుడ్డు, రెండు బ్రెడ్డు ముక్కలు తిని పడక మీద వాలాడు. ఎయిర్‌హోస్టెస్ అయిన భార్య అప్పటికి సముద్రం మీద ఉంది. ఆమె బయలుదేరిన విమానాశ్రయం నుంచి ఈ ఊరికి పదమూడు వేల కిలోమీటర్లు, పదహారు గంటల ప్రయాణం. అంతసేపూ ఆ విమానం నడిపే మాటకారి కెప్టెన్‌తో నవ్వుతూ ఉంటుందని తలచుకుంటే అతనికి కడుపు మండిపోయేది. ఫోన్‌లో మ్యాపు తీసి చూశాడు. విమానం ఇంకా సగం దారిలోనే ఉంది.

అప్పుడే వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడైంది. ఆమె లోపలికి వచ్చింది.

"అదేంటి, ఇంత తొందరగా వచ్చేశావు?"

"నువ్వు కుళ్ళుకుంటూ కూర్చుంటావని."

అతను నవ్వేశాడు. ఆమె చల్లటి చేతులతో అతని పాదాల మీదికి దుప్పటి లాగింది. ఆ పని ఎవరైనా చేసి ఎన్నాళ్ళయిందో. మరేమీ అడగబుద్ధి కాలేదు. కెప్టెన్ దగ్గర లేదు, అంతే చాలు.

ఫోన్ మోగింది. విమానంలోంచి భార్య మెసేజ్: "ఇంకా ఎనిమిది గంటలు. తిన్నావా?"

పక్కనున్న ఆమె అతని భుజం మీంచి అది చదివింది. వంటింట్లో ఫ్రిజ్ రొద ఆగిపోయింది.

"ఎప్పుడూ ఇలాగే పలకరిస్తుందా నిన్ను?" అంది. "దానికి జవాబివ్వకు."

లేచి వెళ్ళి, వీధి తలుపు చప్పుడు కాకుండా మూసి, లోపలి గడియ పెట్టింది.