నోవాక్ గారి బిళ్ళ

మెటల్ డిటెక్టర్ కుయ్యిమంది. వెర్లిన్ గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కొత్త ప్యాంటుకి మట్టి అంటుతుందన్న ధ్యాసే లేదు. చాకుతో గడ్డిచెక్క కోసి పక్కకి తిప్పి, వేళ్ళతో మట్టి కెలికాడు.

"దొరికిందా?" అంది లొరెట్టా. ఏళ్ళ తరబడి అతని స్నేహితురాలు. మామూలుగా ఓపిక గల మనిషే.

"దొరికింది!" గంతేసినంత పని చేశాడు వెర్లిన్. "అల్యూమినియం బిళ్ళ! ఎనిమిది మూలలు!"

లొరెట్టా మొహం వాడిపోయింది. చర్చి వెనక పచ్చికలో కుర్చీలేసుకుని కూర్చున్న, వెర్లిన్‌లాగే పాత బిళ్ళలు పోగేసే క్లబ్బు వాళ్ళు మాత్రం ఒక్కుమ్మడిగా లేచి వచ్చి మూగారు.

ఉమ్మి రాసి తుడిస్తే అక్షరాలు తేలాయి. ఎఫ్. నోవాక్. అయిదు సెంట్ల సరుక్కి చెల్లును. అంతే, ఊరి పేరు లేదు.

గుడ్లు తెచ్చి అమ్మే ఆడవాళ్ళకి పూర్వం కొట్టువాళ్ళు డబ్బుకి బదులు ఇలాంటి బిళ్ళలే చేతిలో పెట్టేవాళ్ళు. అవి చెల్లాలంటే మళ్ళీ ఆ కొట్టుకే రావాలి మరి. క్లబ్బులో వీటికి మహా గిరాకీ. కాకపోతే ఏ ఊరి కొట్టుదో తేల్చనిదే లెక్కలోకి రాదు. అందరికంటే అరుదైన బిళ్ళ తెచ్చినవాళ్ళకిచ్చే ఈ ఏటి కప్పుకి ఇవాళే గడువు. ఏటా దాన్ని ఎగరేసుకుపోయేది గస్. వెర్లిన్ ఇంట్లో ఆ కప్పు కోసం అలమరలో చోటు ఎప్పట్నించో ఖాళీగా ఉంది, పాపం.

"విల్బర్‌లో నోవాక్ కిరాణా ఉండేది. అదే ఇది," అన్నాడు వెర్లిన్.

"నీ మొహం! ఆయన జె. నోవాక్. ఎఫ్. అంటే ఫ్రాంక్. డోర్చెస్టర్‌లో మాంసం కొట్టు," అన్నాడు గస్.

"మాంసం కొట్టాయనకి గుడ్లెందుకురా?"

"తినడానికి! నువ్వు తినవూ?"

నల్లసూటులో చెమటలు కక్కుతున్న ముసలాయన ఎల్మర్ గొంతు సవరించుకున్నాడు. "మా చిన్నప్పుడు వీధికో నోవాక్ ఉండేవాడు నాయనా. ఎండ మండిపోతోంది, కాస్త తెమల్చండి."

"ఇంకొంచెం ఇటు పక్క చూడు వెర్లిన్," అంది లొరెట్టా. ఆమెకి ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఉండు లొరెట్టా, ముందిది తేలనీ!"

వెర్లిన్ దుమ్ము దులుపుకుని లేచాడు. "ఏ ఊళ్ళో ఎవరి కొట్టుందో రాసిన పాత డైరెక్టరీలు కౌంటీ లైబ్రరీలో ఉన్నాయి. నాలుగింటికి మూసేస్తారు. రారా గస్, నీ కళ్ళ ముందే తేలుస్తా!"

ఇద్దరూ వ్యాను వైపు పరుగు తీశారు. క్లబ్బులో సగం మంది తమ కారు తాళాలు తడుముకున్నారు.

వాళ్ళకంటే ముందే చేరి, వ్యాను తలుపుకి అడ్డంగా నిలబడింది లొరెట్టా.

"పెళ్ళికొడుకు గారూ, తమరు చెయ్యి జారి గడ్డిలో పడేసిన నా ఉంగరం వెతికి వేలికి తొడుగుతారా, లేక ఎల్మర్ పాస్టరు గారిని ఇంటికి పొమ్మని చెప్పమంటారా?"