బోర్డు మీది పేరు

"వదలొద్దు రహమాన్! తొక్కిపట్టు!"

జీపు బానెట్‌లోకి తల దూర్చి ఇస్మాయిల్ అరిచాడు. డ్రైవరు సీట్లో ఉన్న అల్లుడు యాక్సిలరేటర్ వదల్లేదు. అయినా ఇంజను దగ్గుతూనే ఉంది. నాలుగు దెబ్బలు కొట్టి, అయిదోది మింగేస్తోంది.

"చూసినావా? రెండు నెలల్లో నాలుగో తూరి," అన్నాడు పక్కనే నిలబడ్డ నారాయణప్ప. ఆయన పులివెందుల పక్కన శనక్కాయలు పండించే ఆసామి. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వేలం వేస్తే ముచ్చటపడి కొన్నాడు ఆ జీపును. "నువ్వు బాగు చేస్తావు. పదైదు దినాలు గుర్రం మాదిరి పోతాది. మళ్లా ఇదే రోగం. ఇస్మాయిల్ చెయ్యి పడితే జీపుకు దగ్గొస్తాదని జమ్మలమడుగు బస్టాండులో గూడా నవ్వుతాండారప్పా."

ఇస్మాయిల్‌కు తల కొట్టేసినట్టయింది. ప్రొద్దుటూరులో ఆయన షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు. పైన నీలం రంగు బోర్డు మీద ఆయన పేరుంది. ఆయనకు చదువు రాదు. ఆ పేరొక్కటే చదవగలడు.

"అప్పా, ఈ దినం దీని అంతు చూస్తా. ఇంకొక తూరి ఇదే జబ్బుతో వచ్చిందంటే, ఆ పేరు నా చేత్తో నేనే చెరిపేస్తా. నీ కండ్ల ముందరే."

"అట్లయితే ఆ తమాషా చూసేదానికైనా ఈడికే తోలుకొస్తా," అని నవ్వి, నారాయణప్ప బంగారు అంగళ్ల వైపు వెళ్లాడు.

షెడ్డు వెనకే ఇల్లు. లోపల కూతురు మహమూదా గాజుల చప్పుడు వినిపిస్తోంది. నారాయణప్ప జీపు తోలే రహమాన్‌తో పెళ్లయి ఏడాది. అత్త గడప దాటనివ్వదు, మొగుడికి సెలవు దొరకదు. జీపు ప్రొద్దుటూరు వచ్చినప్పుడే వెనక సీట్లో కూర్చుని పుట్టింటికి వస్తుంది ఆ పిల్ల.

ఇస్మాయిల్ భార్య బిస్మిల్లా బీ టీ గ్లాసులు తెచ్చింది.

"మళ్లా వచ్చిందా ఈ మాయదారి జీపు! నీ పేరు తీసేదానికే పుట్టినట్టుంది."

"అరంగుళం పానా యాడుందే?"

"నాకేం తెలుసు? యాడో పారేసుకునింటావు."

షెడ్డు పెట్టిన కొత్తలో పానాలు అందించింది ఆమే. అడక్కముందే సరైన పానా చేతిలో పెట్టేది. ఇప్పుడు టీ మాత్రమే ఇస్తోంది.

ఇస్మాయిల్ పంతం పట్టాడు. స్క్రూడ్రైవరు తాకించి ఒక్కో ప్లగ్గునూ ఆపి చూశాడు. నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయి.

"ప్లగ్గు జబ్బు కాదురా ఇది. నాలుగింటికీ పాలిచ్చే తల్లి ఒకటే, కార్బొరేటరు. తప్పు ఆడ ఉంది."

"దాన్ని మూడు తూర్లూ విప్పి కడిగినావు గదా మామా?"

"కడిగినా. మళ్లా బిగించినా. బాగయింది. కడిగినందుకు బాగయిందా, బిగించినందుకా?"

ఇస్మాయిల్ నూనె డబ్బా తీసుకుని, కార్బొరేటరు అడుగు అతుకు మీద రెండు చుక్కలు వేశాడు. ఇంజను ఒక్క క్షణం దగ్గు మాని మళ్లీ మొదలెట్టింది.

"దొరికిందిరా! ఈడ గాలి పీలుస్తాంది!"

అడుగు నట్లు వేలితోనే కదిలాయి. పులివెందుల రోడ్డును నోరారా తిట్టి, మరో పానాతో ఎలాగో బిగించాడు. తర్వాత రెండు నట్లనూ కలిపి రాగితీగ చుట్టి, చివర మూడు మెలికలు వేశాడు.

"ఈ ముడి ఊర్లో ఇంకెవడూ ఎయ్యలేడు. ఎన్ని గుంతల్లో పడినా ఇంగ ఈ నట్టు వదులు కాదు."

ఇప్పుడు మూసిన బానెట్ మీద పెట్టిన టీ గ్లాసు తొణకడం లేదు.

"ఇంగ ఎప్పటికీ రాదా ఈ జబ్బు?" గ్లాసు తీసుకుంటూ అడిగింది బిస్మిల్లా బీ.

"నా జన్మలో రాదు."

"సరే, పోయి తినండి. పిల్ల వడ్డిస్తాది. నేను జీపు కాడ కూచుంటా. ఈ వీధి పిల్లోళ్లు సామాన్లు ఎత్తుకపోతారు."

"ఎప్పుడూ నువ్వేనా కాపలా? బిడ్డతో కూచోని ఒక ముద్ద తినరాదా?"

"నేను మళ్లా తింటాలే, పో."

మధ్యాహ్నం నారాయణప్ప వచ్చి, జీపు ఎక్కి చప్పుడు విన్నాడు. "శానా బాగుందప్పా! నీ పేరు నిలబెట్టుకున్నావు," అని భుజం తట్టాడు. మహమూదా వెనక సీట్లోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. జీపు మలుపు తిరిగింది.

ఇస్మాయిల్ మీసం తిప్పి బోర్డు వైపు చూశాడు. చూస్తుండగానే సంగతి తట్టింది. జీపు చెడకపోతే ప్రొద్దుటూరుకు రాదు. జీపు రాకపోతే బిడ్డ రాదు.

"నా పేరు కోసరం బిడ్డ పుట్టింటి దావ మూసేసినా గదే," అన్నాడు. నూనె గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు.

బిస్మిల్లా బీ కంట తడి లేదు. "ఊరికే ఏడ్వాకు. వస్తాదిలే," అంది.

ఆమె మాట ఆయన చెవికెక్కలేదు. బీడీ ముట్టించుకుందామని వంటింట్లోకి వెళ్లాడు. బీడీలు మాన్పించాలని ఆమె అగ్గిపెట్టెను చింతపండు కుండలో దాస్తుందని ఆయనకు తెలుసు. మూత తీశాడు.

కుండలో అరంగుళం పానా, మూడు మెలికల రాగితీగ ఉన్నాయి.