కంచె అవతలి ఆవిరి

"మళ్ళీ వాడి పెట్టెలోనే వండావా?" అన్నాడు హోహెపా.

"మన పెట్టెలో పెట్టిన దుంపలు పచ్చిగానే వస్తున్నాయి. తింటావా మరి?" అంది భార్య రిపెకా, గిన్నె దించుతూ.

వేడినీటి బుగ్గల ఊరు రోటొరువాలో ఆ వాడవాళ్ళకు పొయ్యి అక్కర్లేదు. నేలలోంచి ఆవిరి తన్నుకొచ్చే బొరియ మీద చెక్కపెట్టె బిగించి అందులోనే వండుకుంటారు. మొన్నటి చిన్న భూకంపానికి హోహెపా పెట్టె చల్లారింది. కంచె అవతల పావొరా పెట్టె మాత్రం బుసలు కొడుతోంది. పావొరాకు పెళ్ళాం లేదు.

"దుంపలు ఉడకడానికి ఇంతసేపా?"

"పంది ఎముకలు కూడా పెట్టాను."

"ఏం మాట్లాడుకున్నారు?"

"అతని మోకాలి నొప్పి గురించి. మొదటినుంచీ చెప్పమంటావా?"

కంచె మీంచి పావొరా తల కనిపించింది. "నువ్వూ రా అన్నా. ఆవిరికి అద్దె లేదులే."

రిపెకా నవ్వింది. హోహెపా నవ్వలేదు.

మర్నాడు భూమిలోంచి వచ్చే వాయువుల్ని కొలిచే అమ్మాయి వచ్చింది.

"ఈ నేల అదరడమేమిటమ్మా?" అని అడిగింది వాడకు పెద్దదిక్కయిన కీరి అమ్మమ్మ.

"లోతున నీళ్ళూ వాయువులూ ఒత్తిడి మీదున్నాయి అమ్మమ్మా. పగుళ్ళలో దూరి బండల్ని జరుపుతున్నాయి. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుక్కుంటాయి. బొరియల్ని ఎవరూ ముట్టుకోకండి."

"ముట్టుకున్నవాడు మా వాడలో ఉండడు," అంది అమ్మమ్మ.

హోహెపా చెవికెక్కింది ఒక్క ముక్కే. ఒక దారి మూస్తే ఇంకో దారి.

ఆదివారం అందరూ చర్చిలో ఉండగా అతను పావొరా పెట్టె ఎత్తి, తడి గోనెసంచులు బొరియలో కుక్కి, పైన బంకమట్టి మెత్తాడు. చేతులు బొబ్బలెక్కాయి.

ఆవిరి ఇంకో దారి వెతుక్కుంది. హోహెపా పెట్టెలోకి కాదు. సాయంత్రానికి అతని పడకగది నేల పగిలింది. పావొరా వంటగదీ పగిలింది. మనుషులు బతికారు. ఇళ్ళు పనికిరాకుండా పోయాయి.

ఇల్లు పోయినవాళ్ళు పడుకునేది వాడ సభామందిరంలోనే. ఇళ్ళ వరసలోనే పరుపులు పరిచారు. హోహెపా, రిపెకా, ఆ పక్కన పావొరా.

కీరి అమ్మమ్మ ఒక గోనెసంచి తెచ్చి మధ్యలో పడేసింది. "బొరియలో దొరికింది. ఎవరిది?"

సంచి అంచున ఎర్రదారం కుట్టు. అది రిపెకా చేతికుట్టు. ఆమె ముఖం పాలిపోవడం పావొరా చూశాడు.

"నాదే," అన్నాడు.

"నీ బొరియ నువ్వే మూసుకున్నావా?"

"కూర మరీ మెత్తగా ఉడుకుతోందని."

ఎవరూ నవ్వలేదు. "అయితే పో," అంది అమ్మమ్మ.

రిపెకా మొగుడి వైపు తిరిగింది. "జేబుల్లోంచి చేతులు తియ్యి," అంది మెల్లిగా.

హోహెపా తియ్యలేదు.

పావొరా పరుపు చుట్టి భుజాన వేసుకుని కుంటుకుంటూ గుమ్మం దాటాడు. రిపెకా కూడా తన పరుపు చుట్టింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు హోహెపా.

"ఇన్నాళ్ళూ నేను వెళ్తున్నానని నువ్వనుకున్న చోటికి."