కాలు తగిలిన పుస్తకం

"అవనీ, ఆ ముసలాయనకి అంత దగ్గరగా కూర్చోకే. నాకేదో భయంగా ఉంది."

"ఆయన ఏం చేశాడు మమ్మీ? జస్ట్ కూర్చున్నాడు."

"చేశాక భయపడితే ఏం లాభం?"

రాధారాణి అంతే. వాళ్ళుంటున్న పరాయిదేశపు ఊరు నోవైలో మంచు పడితే కారు జారుతుందని భయం. పడకపోతే ఇంకెంత గట్టిగా పడబోతోందోనని భయం. కూతుర్ని లైబ్రరీకి తీసుకొచ్చిందంటే పుస్తకాల వైపు చూడదు, మనుషుల్నే చూస్తూ కూర్చుంటుంది.

ఈ ముసలాయన మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. చేతికర్రతో తడుముకుంటూ వస్తాడు. కళ్ళు కనిపించవు. అయినా వారం వారం సంచీ నిండా లావుపాటి పుస్తకాలు తీసుకెళ్తాడు, మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తాడు.

"చదవలేనివాడికి పుస్తకాలెందుకే?"

"అవి హోలోకాస్ట్ బుక్స్ మమ్మీ. హిట్లర్ టైమ్‌లో యూదుల్ని క్యాంపుల్లో పెట్టి చంపేశారు కదా, వాళ్ళ గురించి. స్కూల్లో చెప్పారు."

"అయ్యో! పాపం, ఈయన వాళ్ళెవరో పోయుంటారు."

జాలి కలిగింది కానీ భయం పోలేదు.

ఇంతలో ఆయన సంచీలోంచి ఒక పుస్తకం జారి రాధారాణి కాలి మీద పడింది. ఆమె గబుక్కున తీసి కళ్ళకద్దుకుంది.

పుస్తకం కోసం చేయి చాచిన ఆయన, చేతికేమీ అందక, "ఏం చేస్తున్నారు?" అన్నాడు ఇంగ్లీషులో.

"బుక్‌కి కాలు తగిలితే మేం సారీ చెప్తాం అంకుల్. కళ్ళకి టచ్ చేసి," అంది అవని.

"పుస్తకం క్షమిస్తుందా?"

ఇదేం ప్రశ్న! అవని తల్లి వైపు చూసింది.

"మనసారా అడిగితే క్షమిస్తుందని చెప్పు," అంది రాధారాణి.

ఆయన పుస్తకం అందుకుని తనూ కళ్ళకద్దుకున్నాడు. ఎంతకీ తీయలేదు. చివరికి అవనితో, "ఒక్క పేజీ చదివి పెడతావా తల్లీ?" అన్నాడు.

అవని కూర్చోబోయింది. రాధారాణి చేయి పట్టుకుని లేవదీసింది.

"టైమైంది, పద. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మనకెందుకు?"

ఆ తర్వాత ఆయన మళ్ళీ కనిపించలేదు.

"నీవల్లే మమ్మీ. వన్ పేజ్ అడిగాడు, అంతే!" అని అవని సాధిస్తూనే ఉంది.

మంచు కరిగే రోజుల్లో ఒకావిడ అదే సంచీ మోసుకుంటూ వచ్చింది. అవని పరుగున వెళ్ళి ఆయనేడని అడిగింది.

"నాన్న పోయారమ్మా. ఇవి తిరిగి ఇద్దామని వచ్చాను."

"ఆయనకి కనిపించదు కదా, మరి ఎందుకు తీసుకెళ్ళేవారు?"

"ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాల్ని కొన్నాళ్ళకి ఇక్కడ షెల్ఫుల్లోంచి తీసేస్తారు. ఇవి మాత్రం పోకూడదని నాన్న పట్టుదల."

రాధారాణి సంచీలో పైనున్న పుస్తకం తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నీ కార్డ్ మీద తీసుకో. ఇంటికెళ్ళి నాకు చదివి పెట్టు. మొదటి పేజీ నుంచీ."

అట్ట మీద ముళ్ళకంచె, పెద్ద గేటు ఉన్నాయి. దాన్ని చూస్తూ, రాధారాణి వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడనే అడిగింది.

"ఇందులో మీ వాళ్ళు ఎవరైనా ఉన్నారామ్మా?"

ఆవిడ మిగతా పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఖాళీ సంచీని మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

అడక్కుండా ఉండాల్సిందేమోనని రాధారాణి భయపడుతుండగా, ఆవిడే చెప్పింది.

"ఉన్నాడు, నాన్న వాళ్ళ నాన్న. చనిపోయినవాళ్ళలో కాదు... ఆ గేటు దగ్గర తుపాకీ పట్టుకుని కాపలా కాసినవాళ్ళలో."