బెదురు లేని మేత

షెడ్డులోకి వెళ్లేముందు నేను ఇప్పటికీ తలుపు మీద మూడుసార్లు కొడతాను. పూర్వం చప్పుడు చెయ్యకుండా వెళ్తే బాయిలర్ కోళ్లు బెదిరిపోయి, ఒకే మూలకు ఎగబడి, ఒకదాని కింద ఒకటి నలిగి చచ్చేవి. దాణాలో ఆకుల పొడి కలపడం మొదలయ్యాక ఏ ఊళ్లోనూ ఆ బాధ లేదు. కోళ్లకు రోగమూ లేదు, బెదురూ లేదు.

ఇవాళ మధ్యాహ్నం షెడ్డులో కుక్క దూరింది. ఒక కోడి పీక కొరుకుతుంటే, దాని పక్కనున్నవి తలెత్తకుండా మేత తింటున్నాయి. కుక్కను కర్రతో తరిమి ఇంటికి పరిగెత్తాను.

మా ఆయన అరుగు మీద కూర్చుని కోడికూర అన్నం తింటున్నాడు. వాకిట్లో దాణా లారీ హారన్ కొడుతూ వెనక్కి వస్తోంది. దాని చక్రానికి మూరెడు దూరంలో మా మూడేళ్ల నీలవేణి మట్టిలో ఆడుకుంటోంది.

"ఏవయ్యా, పిల్ల!" అని అరిచాను.

"చూస్తున్నాలేవే. లారీ ఆగుద్దిలే" అని ముద్ద కలుపుకున్నాడు.

నేనే దూకి పిల్లను లాక్కున్నాను. నా గుండె దడదడలాడుతోంది. నా రొమ్ముకు ఆనుకున్న దాని గుండె మాత్రం నిద్రలో ఉన్నట్టు మెల్లగా కొట్టుకుంటోంది.

ఆ షెడ్డు వాసన పడక నేను కోడికూర ముట్టి నాలుగేళ్లయింది.

పిల్ల నా చెంప నిమిరింది. "వణుకుతున్నావేంటమ్మా? నాన్నలాగా, నాలాగా నువ్వూ కూర తిను. తగ్గిపోద్ది."