నా బోరు, నా నీళ్లు

ఆవులప్ప గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. నేరుగా పోయి కుళాయి కట్టేశాడు.

కారు కడుగుతున్న దివ్య చేతిలో పైపు ధార ఆగిపోయింది.

“ఎవరింట్లోకి వచ్చారో తెలుస్తోందా మీకు?” అంది.

“తెలుస్తా ఉండాదమ్మా. బక్కెట్లో పట్టుకోని గుడ్డతో తుడుచుకో. చాలు.”

కర్ర ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

డెబ్బై దాటిన మనిషి. వీధి చివరి ఇంట్లో ఒక్కడే ఉంటాడు. బెంగళూరులో యలహంక అవతల ఉన్న ఆ లేఅవుట్‌లో ఆయన్ని తిట్టుకోని ఇల్లు లేదు. తెల్లారగానే బయలుదేరేవాడు. ఎవరి ట్యాంకు పొర్లినా తలుపు తెరిచేదాకా బెల్లు కొట్టేవాడు. వాకిలి పైపుతో కడిగితే ఫోటో తీసేవాడు. ఆ వేసవిలో నీటి ఎద్దడి వల్ల కార్లు కడిగితే జరిమానా అన్నారు వాటర్ బోర్డు వాళ్లు. వీధిలో మొదటి నోటీసు దివ్యకే వచ్చింది, ఆవులప్ప తీసిన ఫోటోతో సహా. ఫోటోలో ఆమె నైటీలో ఉంది.

జరిమానా కన్నా ఆ ఫోటోకే దివ్యకు ఒళ్లు మండిపోయింది.

ఆమె కావలిలో అద్దె ఇంట్లో పెరిగింది. ఇంటి ఓనరావిడ రోజుకు ఆరు బిందెలే అనేది. ఏడో బిందె కావాలంటే అమ్మ పోయి ఆవిడ గుమ్మం ముందు నిలబడేది. ఒక్కోరోజు ఇచ్చేది. ఒక్కోరోజు తలుపు వేసుకునేది. పెద్దయ్యాక నీళ్ల కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదని దివ్య అప్పుడే అనుకుంది. పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాక, ఎవరో అమ్ముతుంటే ఈ పాత ఇల్లు కొంది. గదుల కన్నా ముందు బోరు చూసుకుంది.

అసోసియేషన్ సెక్రటరీ బెన్నీని వెంటబెట్టుకుని ఆవులప్ప ఇంటికి వెళ్లింది. ఇంకోసారి ఇళ్లలోకి వస్తే పోలీసులకు చెప్పాల్సి వస్తుందని బెన్నీ మర్యాదగానే హెచ్చరించాడు. దివ్యకు ఆ మర్యాద సరిపోలేదు.

“నా ఇల్లు, నా బోరు, కరెంటు బిల్లు కూడా నాదే. మధ్యలో మీకేంటి ప్రాబ్లం?”

“బోరు నీదేనమ్మా,” అన్నాడు ఆవులప్ప. “కింద ఉండే నీళ్లు నీవెట్లా అవుతాయి?”

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆమె గేటుకు తాళం వేసింది. కుళాయి ఆగేదాకా ఆయన బయట నిలబడి కర్రతో గేటును బాదాడు.

ఏప్రిల్లో దివ్య బోరు పోయింది. రెండు రోజులు గాలి, కాసిని బురద నీళ్లు, తర్వాత అదీ లేదు. ట్యాంకర్ వాడికి రోజుకు పదిసార్లు ఫోన్ చేసి బతిమాలాల్సి వచ్చింది. వాడు మధ్యలో ఫోన్ పెట్టేసినప్పుడల్లా ఆమెకు అమ్మ నిలబడిన గుమ్మం గుర్తొచ్చేది. వానలు పడేదాకా ఓపిక పట్టమన్నాడు భర్త గిరీష్. ఆమె వినలేదు. పర్మిషన్ కోసం తిరిగింది. తెచ్చుకుంది. కొత్త బోరుకు రిగ్గు లారీని మాట్లాడింది.

శనివారం పొద్దున లారీ వచ్చింది. ఆవులప్ప దాని ముందు రోడ్డు మీద కూర్చున్నాడు.

“వెయ్యొద్దు తల్లీ. ఎంత లోతు పోయినా ఈడ నీళ్లు లేవు.”

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఇళ్లలోంచి అందరూ బయటికి వచ్చి ముసలాయన్ని తలా ఒక మాట అన్నారు. ముట్టుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. దివ్యే వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

“ఇంకొకళ్ల నీళ్లకు అడ్డం పడటానికి సిగ్గుగా లేదా? పోయేలోపు ఒక్కరికైనా పనికొచ్చే పని చెయ్యండి.”

ఆయన పక్కకు ఒరిగి పడ్డాడు. మోచెయ్యి కాంక్రీటుకు గీసుకుపోయింది. ఎవరూ లేపలేదు. తనే లేచి, ఎదురింటి గోడ పక్కకు పోయి కూర్చున్నాడు.

రిగ్గు మొదలైంది. మూడు వందల అడుగులు. ఆరు వందలు. తొమ్మిది వందల దగ్గర కాస్త తడి మట్టి వచ్చిందంటే దివ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. అరగంటలో ఆ తడీ పోయింది. పదమూడు వందల దగ్గర మేస్త్రి చెయ్యి ఊపి మెషీన్ ఆపించాడు. వచ్చిందంతా తెల్లటి రాతి పొడి. అది ఆమె కారు మీద, కుండీల్లో మొక్కల మీద, వీధంతా ఆరేసిన బట్టల మీద పడింది.

సాయంత్రం లారీ వెళ్లిపోయింది. ఆవులప్ప ఇంకా ఆ గోడ పక్కనే ఉన్నాడు. మోచేతి మీద నెత్తురు ఎండిపోయింది.

దివ్య విసురుగా రోడ్డు దాటి ఆయన ముందు నిలబడింది. పొద్దుటి నుంచి లోపల ఉడికినదంతా బయటికి వచ్చింది.

“ఇప్పుడు మీ కడుపు చల్లబడిందా? నీళ్లు లేవని అంత గట్టిగా చెప్పారే, మీకెలా తెలుసు? అసలు మమ్మల్ని ఇలా పీక్కు తినడానికి మీరెవరు?”

ఆయన కర్ర ఆనించుకుని లేచాడు. వీధిని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఆయన ముఖం కూడా కోపంతో అదురుతోంది.

“ఈడ చెరువుండె తల్లీ. దాని వల్లే కింద నీళ్లుండె. ఈ ఇండ్లన్నీ దాని కడుపులోనే ఉండాయి,” అన్నాడు. “లారీలకు లారీలు మన్ను తోలించి దాన్ని పూడ్చి, సైట్లు చేసి అమ్మినోన్ని నేనే.”