తల దించని గిటార్

చప్పట్ల కోసం రెండు చేతులూ పైకెత్తిందో లేదో, పుల్ల భుజానికి వేలాడుతున్న గిటార్ తలబరువుతో కిందికి వాలి మైకు స్టాండుకి ఠంగున కొట్టుకుంది. పాట ఆగిపోయింది. బ్యాండు మొత్తం ఆమె వైపు చూసింది.

బక్కపలచగా ఉంటుందని అందరూ ఆ అమ్మాయిని పుల్ల అనే పిలుస్తారు. బ్యాండు మాస్టారు మాత్రం కోపం వస్తే తల్లీ అంటారు.

"తల్లీ, పాట మధ్యలో అందరం చేతులెత్తి చప్పట్లు కొట్టాలి. నువ్వేమో పరిగెత్తబోయే మేకని పట్టుకున్నట్టు దాని మెడ పట్టుకునే ఉంటావు. వదిలితే ఇదీ వరస. సాయంత్రం స్టేజీ మీద నీ చోట మా బావమరిదిని నిలబెడతాను."

ఆ మూల కుర్చీలో ఉన్న బావమరిది వెంటనే లేచి గిటార్ తగిలించుకున్నాడు. చేతులు రెండూ వదిలేశాడు. గిటార్ కదల్లేదు. ఎలా కదులుతుంది, అతని బొజ్జ మీద బల్ల మీద పెట్టినంత నిమ్మళంగా ఉంది.

"ఆయనకి వాయించడం రాదు కదా మాస్టారూ," అంది పుల్ల.

"అది నేను చూసుకుంటాను. ముందు చూడ్డానికి బాగుండాలి."

పుల్లకి ఏడుపొక్కటే తక్కువ. ఆ పాటలో చప్పట్లు అయిన వెంటనే గిటార్ ఒక్కటే మోగే చోటుంది. ఆ సోలో కోసం వేళ్ల కొసలు కాయలు కాసేదాకా సాధన చేసింది. ఇప్పుడు తీసుకెళ్లి ఒక బొజ్జకి అప్పజెప్పాలా? సాయంత్రంలోగా సరిచేసుకొస్తానని మాస్టారుని బతిమాలి, గిటార్ చంకనేసుకుని ఇంటికి పరిగెత్తింది.

ఇంటి ముందుగది సగం బాబాయి వడ్రంగం, సగం పిన్ని కుట్టుమిషను. మధ్యలో ఒక తెర. ఇటు చెక్కపొట్టు అటు పోతే పిన్ని ఊరుకోదు, అటు గుడ్డపీలికలు ఇటు వస్తే బాబాయి ఊరుకోడు.

బాబాయి గిటార్ని వేలి మీద నిలబెట్టి చూశాడు. ఒళ్లు తేలికట, తీగలు బిగించే మరలన్నీ తలలోనే ఉండి బరువంతా అటే పోయిందట. కావడి మోసేవాడు బరువున్న వైపుకి భుజం జరుపుకోడూ, ఇదీ అంతేనట. పట్టీ తగిలించే బొత్తాన్ని మెడ మొదట్లోంచి పీకి, ఒంటి పైఅంచున కొమ్ములా ముందుకు పొడుచుకొచ్చిన కొసకి బిగిస్తే తూకం కుదురుతుందని తేల్చాడు.

"బొత్తాం పెట్టడం ఎప్పట్నించీ నీ పని అయింది?" అంది పిన్ని తెర అవతల్నుంచి.

బాబాయి సన్నటి బెజ్జం వేసి బొత్తాం బిగించాడు. పుల్ల గిటార్ తగిలించుకుని చేతులు వదిలింది. ఈసారి అది ధబాల్న పడలేదు. పాఠం వింటూ కునుకు తీసేవాడి తలలా మెల్లమెల్లగా వాలింది.

పిన్ని తెర తోసుకుని వచ్చేసింది. సగం పని చేసి చేతులు దులుపుకోవడం ఈయనకి పెళ్లయినప్పట్నించీ ఉన్న అలవాటేనంది. నైలాను పట్టీ నున్నగా ఉంది, పిల్ల బ్యాండు కోటు అంతకన్నా నున్నగా ఉంది, జారక చస్తుందా అని పాత తోలుసంచీ ఒకటి వెతికి పట్టింది. దాన్ని బెత్తెడు వెడల్పున కోసి, గరుకు వైపు లోపలికి వచ్చేలా పట్టీ అడుగున కుట్టేసింది. మిషను సూది పుటుక్కుమంటే ఇంకోటి ఎక్కించి మరీ కుట్టింది.

పుల్ల ఒక చెయ్యి వదిలింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. రెండోది కూడా వదిలింది. గిటార్ అలాగే ఉంది. బాబాయి దాని తల మీద చిటికెన వేలితో ఒకటిచ్చాడు. అది ఊ కొట్టినట్టు ఊగి, మళ్లీ తన చోటికి తనే వచ్చి నిలబడింది.

ఇంకేముంది, పుల్ల గిర్రున తిరిగింది. పిన్ని బాబాయి చెయ్యి పట్టుకుని తిప్పేసింది. నా బొత్తాం అంటాడాయన, నా పట్టీ అంటుందావిడ. ఆ గంతులకి తెర ఊడి కిందపడింది. చెక్కపొట్టూ గుడ్డపీలికలూ ఏకమైపోయినా ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. మాస్టారు పుల్లని స్టేజీ మీదే ఒకసారి చేతులు వదలమని చూసి, తృప్తిగా తలాడించి, బావమరిదిని పక్కన సౌండుపెట్టె మీటల దగ్గర కూర్చోబెట్టారు.

పాట మొదలైంది. తను ఎప్పుడూ తడబడే మలుపు దగ్గర పుల్ల వేలు మళ్లీ జారింది. చిత్రం, శబ్దం మాత్రం జారలేదు. తూకం కుదిరితే స్వరం కూడా కుదురుతుంది కాబోలనుకుని మురిసిపోయింది.

చప్పట్ల చోటు వచ్చింది. రెండు చేతులూ పైకెత్తింది. గిటార్ కదల్లేదు. గెంతింది, కదల్లేదు. చుట్టూ తిరిగింది, ఊహూ. ముందు వరసలో పిన్ని ఈలేసింది. బాబాయి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. వాళ్లని చూసి హాలంతా లేచి చప్పట్లందుకుంది. పుల్లకి ఒళ్లు గాల్లో తేలిపోయింది. పక్కనుంచి మాస్టారు కళ్లు పెద్దవి చేసి, చేతులు కిందికీ కిందికీ చూపిస్తూ ఏదో చెబుతున్నారు. మెచ్చుకుంటున్నారనుకుని ఆయన వైపు తిరిగి రెండు చేతులూ ఇంకా పైకెత్తి ఊపింది.

చేతులు అలా గాల్లో ఉండగానే ఆమె గిటార్ సోలో సౌండుపెట్టెలోంచి మొదలై, ఒక్క స్వరం కూడా తప్పకుండా హాలంతా మోగిపోయింది.